పద్నాలుగు చుట్లు

రెండో బిందె సగం నిండకుండానే వీధి కొళాయి ఆగిపోయింది. వరసలో ఇంకా ముప్పైమంది ఉన్నారు. ఎగువ వీధి వాళ్లే అంతా పట్టుకుపోతున్నారని దర్జీ భార్య అరిచింది. ఎగువ వీధి మేస్త్రి భార్య ఒళ్లు తెలియని కోపంతో చేతిలో ఖాళీ బిందె విసిరింది. అది వెళ్లి దర్జీ భార్య నుదుటికి తగిలింది. కడుక్కోవడానికి చెంబెడు నీళ్లు లేక ఆమె కారుతున్న నెత్తుటిని కొంగుతో అదిమిపట్టుకుంది.

సరిగ్గా అప్పుడే, ఊరి నీళ్ల పనులు చేయించే కాంట్రాక్టరుగారి నీళ్లమ్మే ట్యాంకరు హారన్ కొట్టుకుంటూ దయచేసింది. కొనగలిగినవాళ్లు కొనుక్కున్నారు. మిగిలినవాళ్లు ఊరి చివరి మురికి గుంట దారి పట్టారు. ఆ గుంటనీళ్లు తాగే దర్జీ బిడ్డ పోయిన వారం విరేచనాలు కట్టక చనిపోయింది.

పంపాయన తలొంచుకుని నిలబడ్డాడు. ఊరి మంచినీళ్ల మోటారు వేసేదీ, వాల్వులు తిప్పేదీ అతనే. రోజూ పొద్దున్నే ట్యాంకు నింపుతాడు. రెండు గంటల్లో అది ఖాళీ అయిపోతుంది. గోడలకు సిమెంటు పూశాడు, గొట్టాల అతుకులన్నీ తడిమి చూశాడు. ఎక్కడా చుక్క కారడం లేదు.

"మా నీళ్లు ఎవరికి వదులుతున్నావయ్యా?" అని దర్జీ భార్య నిలదీసింది.

ఆ సాయంత్రం బడి ఆవరణలో మీటింగు పెట్టారు. రెండు వీధులవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని తనివితీరా తిట్టుకున్నారు. కాలేజీలో చదువుతున్న మేస్త్రి కూతురు విసిగిపోయి లేచింది.

"రేపు ఒక్క పూట ఎవరూ కొళాయి తిప్పొద్దు. ట్యాంకు నిండుగా ఉంటే మనలోనే దొంగలున్నారు. ఖాళీ అయిందంటే దొంగ వేరే ఉన్నాడు."

"మరి ఎసట్లో ఏం పొయ్యమంటావే, నీ తెలివితేటలా?" ఎవరో వెక్కిరించారు.

"ఒక్క పూట పస్తుంటే చావంలే," అంది దర్జీ భార్య. "చావు అంటే ఏంటో నేను చూశాను."

మర్నాడు ప్రతి కొళాయికీ గుడ్డపీలిక ముడేశారు. ఎగువ వీధి కొళాయిలకు దిగువ వీధి ఆడవాళ్లు, దిగువ వీధి కొళాయిలకు ఎగువ వీధి ఆడవాళ్లు కాపలా కూర్చున్నారు. పంపాయన నిచ్చెనెక్కి ట్యాంకులోకి తొంగిచూశాడు. నీళ్లు అరగంటకో జానెడు దిగిపోతున్నాయి. కింద ఒక్క ముడి కూడా ఎవరూ విప్పలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ల క్రితం, ట్యాంకు కడిగిన మురికి పోవడానికంటూ కాంట్రాక్టరు ఒక గొట్టం వేయించాడు. దాని వాల్వు గుంటకు మూతపెట్టి తాళం వేసుకున్నాడు. అవతల వాడి నీళ్ల ప్లాంటు గోడ ఉంది.

నోరు మూసుకుంటే ఉద్యోగం నిలిచేది. కిందికి దిగి అందరి ముందూ చెప్పేశాడు.

"ఆ గొట్టం నేనే బిగించానమ్మా. మురికినీళ్లకన్నాడు, నమ్మాను. మూడేళ్లుగా మీ నీళ్లు నా చేతులతోనే వాడికి పోశాను."

దర్జీ భార్య దగ్గరికొచ్చింది. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"పద," అందామె. "నువ్వే మూద్దువుగాని."

ఊరంతా కదిలింది. మేస్త్రి భార్య గునపంతో మూత పగలగొట్టింది. పంపాయన పైన అడ్డపిడి ఉన్న నిలువెత్తు ఇనుప కడ్డీ దించి వాల్వు తిప్పసాగాడు. పూర్తిగా మూయడానికి పద్నాలుగు చుట్లు. తొమ్మిదో చుట్టు పూర్తవగానే అతని భుజం మీద లాఠీ పడింది. పోలీసుల వెనక కాంట్రాక్టరు నిలబడి ఉన్నాడు.

జీపులోకి ఈడుస్తుంటే దర్జీ భార్య కేక వేసింది. "ఇంకా ఎన్నయ్యా?"

"అయిదు! కుడికి తిప్పు!"

ఆమె కడ్డీ పట్టుకుంది. వాల్వు బిగువుకు కడ్డీ కదల్లేదు. రెండోవైపు మేస్త్రి భార్య చేతులు పడ్డాయి. మిగతా ఆడవాళ్లు వాళ్ల చుట్టూ దడి కట్టారు. లాఠీలు వీపుల మీద పడుతూనే ఉన్నాయి, కడ్డీ తిరుగుతూనే ఉంది.

మూడో రోజు పంపాయన స్టేషను నుంచి తిరిగొచ్చాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిచేశారు. మోటారు గది గోడ మీద సుద్దతో మోటారు వేసే వంతులు రాసి ఉన్నాయి, రోజుకు ఇద్దరు, వీధికొకరు చొప్పున. కొళాయిల దగ్గర బిందెలు నిండుతున్నాయి.

"రేపు పోలీసులు మళ్లీ వస్తారంట, ఆ గొట్టం తెరిపించడానికి," అంది దర్జీ భార్య. ఆమె నుదుటి గాయం ఇంకా మానలేదు.

"వాల్వు తిప్పడం ఎంతమందికి వచ్చు?"

"నలభైమందికి."

"చాలదు," అన్నాడతను. వాచిన చేతిని ఒళ్లో పెట్టుకుని వాల్వు గుంట పక్కన చతికిలబడ్డాడు. కొళాయి వరసలో ముందున్నామెను పిలిచాడు.

"రామ్మా, కడ్డీ పట్టుకో. కుడికి. ఒకటి అను."