వంతెన అవతల హిస్కె

మా భాషలో తెల్లవాడికీ జామకాయకీ ఒకటే పేరు. అందుకని వీబె మా ఇంట్లో అద్దెకు దిగినప్పటి నుంచి కూరల బండి లమై అతన్ని జామకాయ అనే అంటుంది.

"అక్కా, నీ జామకాయ ఇవాళ కూడా వంతెన మీద ఊపిరి బిగబట్టి సైకిలు తొక్కాడు. ఏదో ఒక రోజు కాలవలో తేలతాడు చూడు," అంది ఒక సాయంత్రం, చేపల కూర ప్లాస్టిక్ సంచిలో పోసి రబ్బరు బ్యాండు చుడుతూ.

"ఊపిరి బిగబట్టాడని నీకెలా తెలుసే?"

"బుగ్గలు ఇంతింత ఉబ్బాయి. వంతెన దిగాక ఉఫ్‌మని వదిలాడు." నవ్వుతూ చెప్పిందే కానీ, వెంటనే గొంతు తగ్గించింది. "నా బండి కూడా అక్కడే ఆగిపోతోందక్కా. ప్లగ్గు మార్పించాను. పెట్రోలుంది. వంతెన ఎక్కగానే దగ్గి ఊరుకుంటోంది. దిగి తోసుకుంటూ వస్తున్నాను."

ఆ వంతెన మీద నాకు వేరే గొడవ ఉంది. అక్కడికి రాగానే తడిసిన ఉన్ని వాసన వేస్తోంది. మా ఫెచ్చబురి జిల్లా వైపు ఉన్ని బట్టలు ఎవరు కడతారు? చలికాలంలో కూడా చెమట పోసే ఊరు.

మా ఇంటికీ రోడ్డుకీ మధ్య పొలాల కాలవ ఉంది. దాని మీద సిమెంటు వంతెన, ఒక పక్కనే పిట్టగోడ. ఇవతల మా ఇల్లు, ఇంటి వెనక తాటి చెట్లు. మా ఆయన ప్రయూన్ ఆ చెట్లెక్కి కల్లు దించి, బెల్లం వండి మమ్మల్ని పోషించాడు. ఆయన పోయాక మేడ మీది గది అద్దెకిచ్చాను. హాలండు ఉత్తరపు అంచు నుంచి వీబె, అతని భార్య హిస్కె ప్రతి చలికాలం వచ్చేవాళ్ళు. హిస్కె వంతెనకి పిట్టగోడ లేని వైపు కూచుని, కాళ్ళు వేలాడేసుకుని తాటి ముంజలు తినేది. ఆఖరిసారి వచ్చినప్పుడు, జారిపోతున్న ముంజని పట్టుకోబోయి కాలవలో పడింది. దిగిన రోజే, విమానంలో వేసుకొచ్చిన నీలం ఉన్ని కోటుతో సహా మునిగి లేచింది. చేతిలో ముంజ మాత్రం వదల్లేదు. అందరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ కోటు మా మేడ కటకటాల మీద రెండు రోజులు ఆరింది. ఇల్లంతా తడిసిన గొర్రె వాసన.

అదే వాసన ఇప్పుడు వంతెన మీద.

ఆ ఏడు వెళ్ళేటప్పుడు ఇద్దరూ నా చేతులు పట్టుకుని, "ఇక ఈసారి వస్తే వెళ్ళం అక్కా. ఇల్లు అమ్మేసి వస్తాం," అన్నారు. యాభై దాటిన విదేశీయుడు తగినంత డబ్బు చూపిస్తే, మిగిలిన రోజులు ఇక్కడ గడుపుకోమని మా ప్రభుత్వం ఏడాదేడాదికీ అనుమతి ఇస్తుంది. అలా వచ్చి మా జిల్లాలో స్థిరపడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు.

మళ్ళీ వర్షాలు వెనకపట్టాక వీబె ఒక్కడే వచ్చాడు.

"హిస్కె ఏది తమ్ముడూ?"

"తర్వాత వస్తుంది," అన్నాడు. నేను పక్క మీద రెండు దిండ్లు వేశాను. అతను ఒకటి తీసెయ్యలేదు.

అది మొదలు మా కుక్క తావ్ పొద్దు వాలితే వంతెన అవతలి కొసకి పోయి కూచునేది. మొరిగేది కాదు. మొరిగితే భయపడేదాన్ని కాను. ఎదురుగా ఎవరూ లేకపోయినా తల పైకెత్తి తోక ఊపేది.

జనవరిలో వీబె వెంట పట్నం బ్యాంకుకి వెళ్ళాను. ఇంటి యజమాని వెంట ఉంటే పని త్వరగా అవుతుందని ఎవరో చెప్పారట. ఏప్రిల్లో అతని గడువు ముగుస్తుంది. అంతకు రెండు నెలల ముందే ఎనిమిది లక్షల బాత్ ఇక్కడి బ్యాంకులో, అతనొక్కడి పేర, కదలకుండా ఉండాలి. లేకపోతే వెళ్ళిపోవాల్సిందే. వెళ్ళడానికి అక్కడ ఇల్లు లేదు, అమ్మేశారు.

కౌంటర్లో పిల్ల ఖాతా చూసి, "తాతా, డబ్బింకా రాలేదుగా," అంది.

"అక్కడి బ్యాంకు పంపడం లేదమ్మా. పెద్ద మొత్తానికి రెండు సంతకాలు కావాలట. నాదీ, నా భార్యదీ."

"ఇంతేనా! అమ్మమ్మ చేత పెట్టించి పంపించమనండి. మీరేమో ఇక్కడ ఎండలో తిరుగుతున్నారు, ఆవిడ అక్కడ హాయిగా కూచున్నారా?"

పక్క కౌంటరు పిల్ల కూడా నవ్వింది. వీబె నవ్వలేదు. బల్లకి గొలుసుతో కట్టిన పెన్ను వైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడే నాకు అనుమానం వేసింది.

తిరిగొచ్చి రోడ్డు మీద ట్రక్కు దిగాం. వంతెన దగ్గర అతను ఆగిపోయాడు. "నువ్వు ముందు నడువక్కా," అన్నాడు.

తావ్ మా వైపు చూడలేదు. దాని చూపంతా పిట్టగోడ లేని పక్కనే ఉంది. గాలి లేదు. తడిసిన ఉన్ని వాసన ముక్కుకి గట్టిగా కొట్టింది.

"వీబె, హిస్కె ఎప్పుడు పోయింది?"

అతను ఊపిరి బిగబట్టి గబగబా వంతెన దాటేశాడు. నేను వెళ్ళేసరికి మెట్ల మీద కూచుని ఉన్నాడు.

"వసంతంలో," అన్నాడు. "ఇల్లు అమ్మకానికి పెట్టాక. ఊపిరితిత్తులు."

"మరి తర్వాత వస్తుందన్నావు?"

"అబద్ధం కాదు. పైన అలమారలో ఉంది. చిన్న పెట్టెలో. ఆ నీలం కోటులో చుట్టి తెచ్చాను."

"బ్యాంకు వాళ్ళకి చెప్పలేదా?"

"వాళ్ళ ఉత్తరాలు ఇంకా ఇద్దరి పేర్లతో వస్తున్నాయక్కా. వీబె, హిస్కె. వాళ్ళ లెక్కలో అది బతికే ఉంది. ప్రపంచంలో ఒక్కచోటైనా ఉండనీ అనుకున్నాను."

వెళ్ళి అన్నం పెట్టుకొచ్చాను. అతను కలుపుతూ కూచున్నాడే కానీ తినలేదు.

"ఆమెని తీసుకొచ్చేటప్పుడు చెప్పావా?" అనడిగాను చివరికి.

"ఏమని?"

మాలో పోయినవాళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళినా చెబుతూ తీసుకెళ్ళాలి. మలుపొస్తే మలుపొచ్చిందని, వంతెనొస్తే వంతెనొచ్చిందని. లేకపోతే నీళ్ళ దగ్గర ఆగిపోతారు. ప్రయూన్‌ని ఆస్పత్రి నుంచి ట్రక్కులో తెచ్చినప్పుడు నేను పక్కనే కూచుని, ప్రతి వంతెన దగ్గరా ఒక నాణెం విసిరి, "ఏవయ్యా, వంతెన వచ్చింది, దాటు," అంటూ ఇల్లు చేర్చాను. ఆయన బద్ధకస్తుడు కనుక ఒక్కోచోట రెండేసి సార్లు చెప్పాను. ఇదంతా వీబెకి చెప్పాను.

అతనికి కోపం వచ్చింది. "నేను ముప్పయ్యేళ్ళు వంతెన మీద పనిచేశాను. పడవ వస్తే వంతెన పైకెత్తడం, పోయాక దించడం. నాకు దయ్యం కథలు చెప్పకు," అని పళ్ళెం పక్కకి నెట్టేశాడు.

ఆ వారమంతా మా ఇద్దరికీ మాటల్లేవు. ఈ సంగతి లమైకి ఎలా తెలిసిందో కానీ, ఒక రోజు బండి తోసుకొచ్చి నేరుగా అతన్నే పట్టుకుంది.

"బాబాయ్, మా అల్లుడున్నాడుగా. నీలాంటి వాళ్ళకి వీసాలు చేయించడమే వాడి పని. డబ్బు వాడే నీ ఖాతాలో వేస్తాడు, పనయ్యాక తీసేసుకుంటాడు. వాడికి కాస్త ముట్టజెప్పావంటే చాలు. హిస్కె పిన్ని సంగతి కూడా ఎవరూ కదిలించరు."

వీబె ఆశగా నా వైపు చూశాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఈ ఏడు దొంగవి. వచ్చే ఏడూ దొంగవే. ఆ తర్వాత కూడా. ఆవిడేమో వంతెన అవతల, నువ్వు ఇవతల. ఇదేనా స్థిరపడడం?"

"నేనేదో సాయం చేద్దామని వస్తే నన్ను తిడతావేంటక్కా," అని లమై మూతి ముడుచుకుని, ఆ రోజు కూరలో ముక్కలు తక్కువ వేసి పోయింది.

వీబె లేచి నడుచుకుంటూ పోయాడు. కాసేపటికి మేడ మీంచి చూస్తే వంతెన మధ్యలో ఉన్నాడు. తావ్ పక్కన కూచున్నాడు. అది ఎదురుగా శూన్యంలోకి చూస్తూ, ఎవరో గోకుతున్నట్టు చెవులు వెనక్కి పెట్టింది. నేను కిందికి దిగి వంతెన మొదట్లో నిలబడ్డాను.

"అక్కా, చలిగా ఉందా ఇక్కడ?" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"తడిగా ఉంది."

నీళ్ళ వైపు చూస్తూ కూచున్నాడు. తర్వాత తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "మా ఊళ్ళో వంతెన పైకి లేచి ఉంటే ఒడ్డున అందరూ ఆగాల్సిందే. దించాక నేను చెయ్యెత్తి సైగ చేస్తేనే కదిలేవాళ్ళు. హిస్కె సంతకి వెళ్ళొచ్చేది ఆ దారినే. అవతల బుట్టతో నిలబడేది. వానలో కూడా. నా సైగ లేనిదే ఒక్క అడుగు వేసేది కాదు. పెళ్ళామని ముందు వదిలాడని జనం అంటారని."

మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ తడుస్తూ నిలబడి ఉందేమో."

మర్నాటి సాయంత్రం నేను పెరట్లో మా స్థలాన్ని కాచే తాత దేవుడి గూటి ముందు ఎర్ర సోడా సీసా పెట్టి, తాగే గొట్టం వేసి, అగరొత్తులు వెలిగించాను. "తాతా, ఒక ఆడమనిషి వస్తోంది. మన భాష రాదు. ముంజలంటే ఇష్టం. అడ్డు పెట్టకు," అని చెప్పుకున్నాను.

వీబె నీలం కోటులో చుట్టిన పెట్టె తీసుకుని రోడ్డు వైపు కొసకి వెళ్ళి నిలబడ్డాడు. అప్పుడే వచ్చిన లమై బండి ఆపి, అలక మర్చిపోయి చేతులు జోడించింది.

"నువ్వు చెప్పరాదా అక్కా?" అన్నాడు వీబె.

"నా మాట ఆవిడకేం అర్థమవుతుంది?"

"మా మాట మా దేశంలోనే అందరికీ రాదు. మా మూలన ఉన్నవాళ్ళకే."

"అయితే మరీ మంచిది. ఈ ఊళ్ళో నువ్వు తప్ప చెప్పేవాళ్ళు లేరు. పోయావని చెప్పు. వంతెన వచ్చిందని చెప్పు. దాటమను."

రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి మాట వచ్చింది. అతని భాష నాకు రాదు, కానీ పోయావన్న మాట ఎక్కడొచ్చిందో తెలిసింది. అక్కడ గొంతు విరిగింది. తర్వాత చాలా చెప్పాడు. ఇల్లమ్మిన సంగతి చెప్పాడో, క్షమించమన్నాడో. చివరికి కన్నీళ్ళు తుడుచుకుని నిటారుగా నిలబడి, చెయ్యి పైకెత్తి సైగ చేశాడు. ఉద్యోగంలో ఉన్నట్టు.

తర్వాత నడిచాడు. నెమ్మదిగా, కళ్ళు తెరిచి, ఊపిరి పీలుస్తూ. నేను కాలవలోకి నాణెం విసిరాను. తావ్ లేచి అతనికి కాస్త ఎడంగా నడిచింది. వాళ్ళిద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. వాళ్ళు నన్ను దాటినప్పుడు ఆ వాసన నా భుజాన్ని రాసుకుంటూ పోయింది. నేను పక్కకి తప్పుకున్నాను.

వెనక లమై బండి మీట తన్నింది. ఒక్క తన్నుకే అంటుకుంది. "అమ్మ బాబోయ్," అని తను మాత్రం బండి దిగి తోసుకుంటూనే దాటింది.

ఇంట్లోకి వచ్చాక పెట్టె బల్ల మీద పెట్టి, కోటు విప్పి నా చేతికిచ్చాడు. నెలల తరబడి అలమారలో ఉన్న కోటు. ఆ రోజు వాన లేదు. అంచులు పిండితే నీళ్ళొచ్చాయి. నేను దాన్ని మేడ కటకటాల మీద ఆరేశాను.

మర్నాడు బ్యాంకుకి ఉత్తరం రాశాడు. ముసలితనంలో గుడి బడిలో అక్షరాలు దిద్దినప్పుడు నేను రాసినంత నెమ్మదిగా రాశాడు. అక్కడినుంచి ఏవో పత్రాలు అడిగారు, పంపాడు. గడువు మించిపోతుందేమోనని నేను రోజూ గూటి దగ్గర సోడా పెట్టాను. డబ్బు వచ్చింది, గడువుకి సరిగ్గా రెండు నెలల ముందు వచ్చింది.

ఏప్రిల్లో ఇమిగ్రేషన్ ఆఫీసులో అధికారిణి కాగితాలు తిరగేసి, "భార్య?" అంది.

"చనిపోయింది," అన్నాడు వీబె మా భాషలో, స్పష్టంగా.

ఆమె తలెత్తి అతన్ని చూసి, ఒకసారి తలవంచి, ముద్ర వేసింది.

ఆ రాత్రికి నేనే చేపల పులుసు వండాను. రెండో దిండు పక్క మీదే ఉంది, తియ్యమని నేను అడగలేదు. పెట్టె కిటికీలో పెట్టాడు. తావ్ వంతెనకి వెళ్ళడం మానేసి మేడ మెట్ల దగ్గరే పడుకుంటోంది.

"అక్కా, నేను పోతే నన్ను కూడా ఆస్పత్రి నుంచి ఈ దారినే తెస్తారుగా?" అన్నాడు తింటూ.

"ఇవాళే ముద్ర పడింది, అప్పుడే పోతావా? డబ్బంతా దండగ."

"కాదు, వంతెన దగ్గర ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాను. ప్రయూన్‌కి చెప్పలేదూ?"

"అప్పటికి మీ భాష మర్చిపోతానేమో. మా అమ్మమ్మ ఆఖర్న చిన్నప్పటి మాట తప్ప అన్నీ మర్చిపోయింది. మా మాటలో చెప్పాలి."

అలా, వంతెన వచ్చింది దాటు అనే ఆ ఒక్క వాక్యం నాకు నేర్పాడు. క్యాలెండరు కాగితం వెనక మా అక్షరాల్లో రాసుకున్నాను. వంతెన దాటినప్పుడల్లా పైకి అంటున్నాను. మధ్యలో ఒక మాట ఉంది, గొంతులోంచి గరగరమంటూ రావాలి. నాకు ఎంతకీ రాదు. "ఇద్దరికీ చాదస్తం ముదిరింది," అని లమై నవ్వుతుంది.

మొన్న వీబె ఇమిగ్రేషన్ ఆఫీసులో మూడు నెలలకోసారి వేయించుకోవాల్సిన హాజరుకి పట్నం వెళ్ళాడు. పొద్దు వాలుతుండగా నేను ఒక్కదాన్నే వంతెన మీద వస్తూ ఆ వాక్యం అన్నాను. అలవాటుగా ఆ మాట దగ్గర తప్పాను.

మా ఇంటి వైపు నుంచి ఎవరో ఆడగొంతుతో, మెల్లగా, పిల్లలకి నేర్పినట్టు, ఆ మాట సరిగ్గా అన్నారు.

మేడ మీద కటకటాలకి ఏమీ ఆరేసి లేదు. మెట్ల దగ్గర తావ్ లేచి నిలబడింది.

నేను అక్కడే ఆగి వాక్యం మొదటినుంచి మళ్ళీ అన్నాను. ఈసారి సరిగ్గా వచ్చింది.