వినే మరలు

పొద్దున లేవగానే మరలత్త మొహం కడుక్కుని, టీ నీళ్ళు పొయ్యి మీద పడేసి, స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు చుట్టేది. తలుపు బందులు, కిటికీ గడియలు, కుర్చీ కాళ్ళు, దేన్నీ వదిలేది కాదు. రాత్రి ఇంట్లో గొడవైతే పొద్దునకల్లా మరలన్నీ వదులైపోయేవి. ఆ వీధిలో ఎవరింట్లోనైనా అంతే. అరుపు వింటే మర ఒక చుట్టు వెనక్కి తిరుగుతుంది, దెబ్బ పడితే ఇంకాస్త. దగ్గర కూర్చుని మెల్లగా నాలుగు మంచి మాటలు చెబితే తనంతట తానే బిగుసుకుంటుంది. అందుకే అక్కడి వడ్రంగులు పెళ్ళిచూపులకొచ్చిన పిల్లాడిలా మాట్లాడతారు. ఒకడి వీధి తలుపు కిర్రుమంటోందంటే, వాడు లోపల ఏం వెలగబెడుతున్నాడో ఎవరూ అడగక్కర్లేదు.

మరలత్తకి ఆ పేరు ఊరికే రాలేదు. మొగుడు చావబాదిన ప్రతిరాత్రికీ మర్నాడు తలుపులన్నీ బిగించేది. "రా తల్లీ, లోపలికి రా, ఏం లేదులే" అని బుజ్జగిస్తూ తిప్పేది. మొగుడు పోయాక చేతికి కాస్త తెరిపి దొరికిందనుకుంది. ఈలోగా కొడుకు ఎదిగొచ్చాడు. తండ్రి నోటితో, చేత్తో రెండింటితోనూ పనిచేస్తే, తండ్రిని మించిన తనయుడు వైర్లు కూడా వాడాడు.

కొడుకుది మైకు సెట్ల వ్యాపారం. వీధి వీధంతా "సౌండు" అని పిలిచేది. హాళ్ళలో ఆంప్లిఫైయర్లని ఇనప ర్యాకుల్లో బిగించి ఇవ్వడం అతని పని. సోల్డరింగు కోడలిది. మరలూ నట్లూ ఎంచి తేవడం తల్లిది. పాట ఎంత గట్టిగా మోగినా మరలు కదిలేవి కావు. పాటకీ కోపానికీ తేడా మనుషుల కన్నా మరలకే బాగా తెలుసు.

ఆ రోజు వీధి తలుపు మీద చెయ్యి వెయ్యగానే అది బందులతో సహా ఊడొచ్చి మరలత్త భుజం మీద పడింది. మోసుకెళ్ళి గోడకి ఆనించి, గదిలోకి వెళ్ళింది. కోడలు కింద కూర్చుని, విరిగిన చూపుడు వేలికి పెన్సిలు ముక్క ఆనించి, వైర్లకి చుట్టే నల్ల టేపు నోటితో లాగి చుట్టుకుంటోంది. ముందురోజు ఒక వైరు తిరగేసి అతికించిందని సౌండు ఆ వేలు వెనక్కి విరిచాడు. మెడ చుట్టూ అదే వైరు వాత ఎర్రగా తేలి ఉంది.

"ఆసుపత్రికి పోదాం పద అమ్మాయ్."

"మొన్న వెళ్ళొచ్చినందుకే చావబాదాడు కదా అత్తయ్యా. ఈసారి వెళితే తల పగలగొడతానన్నాడు."

"కాస్త ఓర్చుకో తల్లీ. నేను ఓర్చుకోలేదా?"

కోడలు టేపు తెంపి తలెత్తింది. "మామయ్యగారు పోయేదాకా మీరు ఓర్చుకున్నారు. నేను అంతకాలం బతకను."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నేళ్ళూ నోరు మూసుకున్న మనిషి మరలత్త. ఈ పిల్ల చచ్చిపోతుందని ఆవిడకి మొదటిసారి అర్థమైంది, నిజంగానే భయం వేసింది.

బయటినుంచి సౌండు కేకేశాడు. "అమ్మా! హాలు ర్యాకు ఇవాళ పూర్తి చెయ్యాలి. మరలు పట్రా. చెవిటివే తేవాలి, మర్చిపోయేవు!"

చెవిటి మరలంటే నైలాన్ పూత ఉన్నవి. వాటి ముందు కుత్తుక కోసినా కదలవు. పరువుగల ఇళ్ళవాళ్ళంతా అవే కొంటారు.

ఇనప కొట్టులో మరలత్త తీరిగ్గా కూర్చుంది. ర్యాకు చట్రం ముక్క ఒకటి వెంట తెచ్చుకుంది. ఒక్కో మరనీ దాని నట్టులో వేలితో తిప్పి చూసింది. పళ్ళు కలిసిన మర వేలికే లోపలికి పోవాలి. కలవనిది రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. బలవంతం చేస్తే అదీ ఎక్కుతుంది, ఎక్కింది కదా అని నమ్మితే ఒకరోజు కొంప ముంచుతుంది. కొడుక్కి పిల్లని తెచ్చేటప్పుడు ఎవరైనా ఇంత శ్రద్ధ పెట్టి ఉంటే ఎంత బాగుండేది! పొట్టివి పక్కన పెట్టింది, అవి బరువు ఆపవు. మరీ పొడుగువీ పక్కన పెట్టింది, అవి లోపలి వైర్లని కోస్తాయి. సరిపోయేవి ఏరి, వాటికి వాషర్లు కూడా తీసింది.

"ఏవక్కా, వినేవా, చెవిటివా?" అన్నాడు కొట్టాయన.

మరలత్త చెయ్యి ఆగింది.

"వెనకవైపు ఆసరా బద్దలు వేశాడా?" అన్నాడాయన మళ్ళీ.

"దండగన్నాడు. బరువంతా ముందు మరల మీదే."

"బరువైనవి అడుగునేగా పెట్టేది?"

"పైన పెడతాడట. చూసేవాళ్ళకి దర్జాగా ఉంటుందట."

"ఇంకేం, చెవిటివే పట్టుకెళ్ళు. వినేవి వేసిన ర్యాకులో చెయ్యి పెట్టి అరిచినవాడి గతి ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా తమ్ముడూ. అరవకపోతే ఏం కాదుగా?"

కొట్టాయన కాసేపు ఆవిడ మొహం చూశాడు. "అరవకపోతే ఏం కాదక్కా."

"అయితే వినేవే ఇయ్యి."

హాల్లో సౌండు అప్పటికే కోడలి మీద చిందులు తొక్కుతున్నాడు. మరలత్త పొట్లం విప్పుతూ, "నాయనా, ఇవి వినేవి. చెవిటివి తేలేదు. ముందే చెబుతున్నాను" అంది.

"నేనేదో ఊరికే అరిచేవాడిలా మాట్లాడతావేంటి? నన్ను అరిపించేది ఇది కాదూ!" అని పెళ్ళాం వీపు మీద ఒక్కటిచ్చాడు. పొట్లంలో మరలు గలగలమన్నాయి. "టైమైపోతోంది, బిగించు!"

అతను ఒక్కో ఆంప్లిఫైయరూ ఎత్తి పట్టుకుంటే, మరలత్త బుజ్జగిస్తూ బిగించింది. బిగింపులో వీసమెత్తు లోపం చెయ్యలేదు. అన్నిటికన్నా బరువైనది అన్నిటికన్నా పైన కూర్చుంది.

సౌండు మోకాళ్ళ మీద కూర్చుని కుడిచెయ్యి మోచేతిదాకా ర్యాకు అడుగున దూర్చాడు. కోడలు పక్కన నిలబడి వైర్లు అందిస్తోంది. పెన్సిలు కట్టిన వేలు వంగలేదు. వైరు జారి కింద పడింది.

అంతే. అతను లోపలున్న చెయ్యి తియ్యనైనా లేదు. ఎడంచేత్తో ఆమె జుట్టు పట్టి కిందికి లాగి, నుదుటిని ర్యాకు స్తంభానికేసి కొట్టాడు. నుదురు చిట్లింది. "చేతులున్నది దేనికే నీకు! ఆ చేతులు రెండూ నరికి..." అంటూ మళ్ళీ కొట్టాడు. రక్తం ఆంప్లిఫైయర్ మీటల మీద చిమ్మింది.

మరలు తిరగడం మొదలెట్టాయి.

మరలత్త చూసింది. పై వరస మరలు నాలుగూ తాపీగా బయటికొస్తున్నాయి. ఒక్క మాట చాలు. 'రా తల్లీ' అంటే ఆగిపోతాయి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. లోపలున్నది కొడుకు చెయ్యి. చిన్నప్పుడు ఆ చెయ్యి ఆవిడ కొంగు పట్టుకుని వీధంతా తిరిగింది. ఇంతలో కోడలి తల మూడోసారి ఇనుముకి తగిలింది. ఈసారి ఆ పిల్ల కేక కూడా వెయ్యలేదు.

మరలత్త పళ్ళు బిగించి నోరు మూసుకుంది.

మరలు టపటపా నేల మీద పడ్డాయి. పై ఆంప్లిఫైయరు దిగి కిందిదాని మీద కూలింది, ఆ రెండూ మూడోదాన్ని తీసుకుని సౌండు చేతి మీద పడ్డాయి. ఎముకలు నలిగిన చప్పుడు వినిపించింది. అతను హాలు అదిరిపోయేలా అరిచాడు. ఆ అరుపుకి మిగిలిన మరలూ ఊడాయి, ఉన్న బరువంతా దిగబడింది.

ఆసుపత్రిలో ఆ చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. మెలకువ రాగానే సౌండు తల్లి వైపు తిరిగాడు.

"నువ్వు చూస్తూనే ఉన్నావు. ఒక్క మాటంటే ఆగేవి. ఎందుకు అనలేదే?"

"మీ నాన్న రోజుల్నించీ అంటూనే ఉన్నాను నాయనా. ఇంక నా వల్ల కాలేదు" అని మరలత్త భోరున ఏడ్చింది. కన్నపేగు కదా, కోసినట్టే ఉంది.

సౌండు తిట్టడానికి గుండెనిండా గాలి పీల్చి ఒక్క కేక పెట్టబోయాడు. కింద ఇనప మంచం కిర్రుమంది. తలవైపు కొంచెం కిందికి దిగింది. అతను మంచం కాళ్ళ వైపు చూసి, పీల్చిన గాలి మెల్లగా వదిలేశాడు.

మరలత్త ఇంటికొచ్చేసరికి కోడలు నుదుటికి కుట్లతో బట్టలు సర్దుకుంటోంది. అత్తని చూసి చేతిలో చీర అలాగే పట్టుకుని బిగుసుకుపోయింది.

"నన్ను ఆపుతారా అత్తయ్యా?"

"పెట్టె ఇలా తే" అంది మరలత్త.

పెట్టె పిడి ఒకవైపు ఊగిపోతోంది. ఆ ఇంట్లో ఉన్న పెట్టె మరి, ఊగక ఏం చేస్తుంది? మరలత్త కింద చతికిలబడి దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"మీరూ వచ్చెయ్యండి."

"వాడికి తినిపించే దిక్కెవరు? పర్లేదులే, ఇంక వాడు గట్టిగా మాట్లాడడు."

స్క్రూడ్రైవర్ మంచం మీదే ఉంది. మరలత్త దాని వైపు చూడలేదు. ఊగుతున్న మర మీద బొటనవేలు ఆనించి, నోరు దగ్గరగా పెట్టి, "గట్టిగా పట్టుకో తల్లీ. దారిలో మనసు మార్చుకుని ఊడిపోకు" అంది.

మర లోపలికి తిరిగి బిగుసుకుంది. కోడలు పెట్టె అందుకుంది.