ఉద్ధరిణి నీళ్లు

నీళ్లు తాగకుండానే ఆయాసం వస్తుందా మనిషికి, మొగుడి చెంబు తడిగా ఉండటం తను కళ్లారా చూసిందే, అయినా ఈ డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి ఏదో తెల్ల మచ్చ చూపిస్తున్నాడు, ఇది నీరు కాదమ్మా, న్యుమోనియా, ఊపిరితిత్తికి క్రిములు పట్టినాయి, డయాలసిస్ మీద బతికేవాళ్లకి ఇది సులువుగా అంటుకుంటుంది అంటున్నాడు, జ్వరమే లేదే సార్, రోజూ నుదురు పట్టి చూసినాను, చల్లగానే ఉండాది అంది సుందరవల్లి, వీళ్లకి ఒక్కోసారి జ్వరం రాకుండానే ముదిరిపోతుందమ్మా, మందు ఎక్కిస్తాం, నిలబడతాడని మాత్రం చెప్పలేను అన్నాడు, గోడకవతల సారంగపాణి గొంతులో గురగుర, అది మొగుడి గొంతని నమ్మబుద్ధి కావడం లేదు.

నీళ్లు ఎక్కువైతే ఊపిరాడదని డయాలసిస్ మొదలుపెట్టిననాడు చెప్పింది వీళ్లే కదా, ఆ మాట కొంగున ముడేసుకుని, కోవెలలో ఇన్నేళ్లు జనం చేతుల్లో తీర్థం పోసిన మనిషికి ఇంట్లో తను ఉద్ధరిణితో కొలిచి నీళ్లు పోసింది, వంటింటికి తాళం వేసింది, దగ్గు మొదలవగానే కోవెలలో దొంగగా తీర్థం మింగినారా అని నిలదీసింది, లేదు వల్లీ, పెరుమాళ్ల సాక్షిగా తాగలేదు, నోరు చేదుగా ఉంటే పుక్కిలించినాను, ఎడంపక్క పొడుస్తా ఉండాది అన్నాడు, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే ఎవరూ చూడరనుకుంటుందట అని దెప్పింది, పోయిన వారం ఈ ఆసుపత్రికే వస్తూ రైల్లో అందరి ముందూ దెప్పింది, ఛీ, ఏం నోరు తనది, పాకాలలో బండి ఆగినప్పుడు ఆయన, సరే, తాగినాను, తప్పయింది, ఇంక ఊరుకో అన్నాడు, అమ్మయ్య అనుకుంది, దిగీదిగగానే నర్సుతో, నీళ్లు తాగినాడమ్మా, ఒప్పుకున్నాడు, మిషన్‌తో బాగా లాగేయండి అని చెప్పింది, పక్కపోటు సంగతి నోటికే రాలేదు, నీరు లాగించుకుని ఇంటికి తీసుకుపోయింది, వారమంతా ఆయాసం తగ్గకపోతే మళ్లీ తాగినాడనే అనుకుంది.

పెదవులు ఎండిపోయినాయి, కాస్త తడపండమ్మా అన్నాడు డాక్టరు, గ్లాసు పట్టుకుని మంచం దగ్గరికి పోయింది, ఆయన కళ్లు తెరిచి గ్లాసును చూసి, ఆమెను చూసి, పెదవులు బిగించి తల అడ్డంగా ఊపాడు, వద్దు వల్లీ, నేను తాగను, నేనే పోస్తున్నాను కదండీ, తాగండి అంది, తాగను అని మొహం తిప్పుకుంటే గ్లాసు తగిలి నీళ్లు దుప్పటి మీద ఒలికాయి, నోరు తెరిస్తే మళ్లీ తిడుతుందని భయపడుతున్నాడు, ప్రాణం పోతున్నా తన నోటికే భయపడుతున్నాడు, ఆయన మొత్తుకున్న నిజం ఒక్కటీ చెవికెక్కలేదు, తన నోరు మూయించడానికి ఆయన ఆడిన ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం నమ్మింది, దానికే వైద్యం చేయించింది.