లస్కరు గారికి రిపోర్టు

మా దగ్గర ఎవరినీ మంచానికి కట్టకూడదు. ఆ రూలు నాది. ధవళేశ్వరం కాలువగట్టు మీదున్న ఈ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నేను మామూలు నర్సుగా చేరిన రోజుల్లో, లేచి తిరిగే ముసలాళ్ళ చేతుల్ని పాతచీర పేలికలతో మంచానికి కట్టేసేవారు. హెడ్ నర్సునయ్యాక నేను చేసిన మొదటి పని ఆ పేలికలన్నీ పోగేసి వంటగదికి మసిగుడ్డలుగా ఇచ్చేయడం.

"ఆశాజ్యోతి గారూ, రేపెవరైనా పడితే?" అన్నారు మా ఓనరు అప్పాజీ గారు.

"నన్నడగండి" అన్నాను. ఆ మాట ఈ వేసవిలో నా మెడకే చుట్టుకుంది.

జగన్నాథరావు గారు లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరయ్యారు. కాలువ షట్టర్లు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. ఇప్పుడు కన్నకూతురి పేరు కూడా గుర్తులేదు. అయినా మా దగ్గర నెమ్మదిగానే ఉండేవారు. అలాంటిది మే నెలలో ఉన్నట్టుండి, తెల్లవారగానే లేచి గేటుకేసి పరుగు మొదలెట్టారు. అడ్డం వెళ్తే తోసేసేవారు. ఒకరోజు డ్యూటీ నర్సు సారిక చెయ్యి విదిలించుకుని మెట్ల మీద పడ్డారు. కనుబొమ మీద కుట్లు పడ్డాయి.

కూతురు సత్యశ్రీ పాలకొల్లు నుంచి పరిగెత్తుకొచ్చింది. సంచిలోంచి చీర పేలికలు తీసి నా బల్ల మీద పెట్టింది.

"కట్టేయండి మేడమ్. ఇంట్లో మేమూ అదే చేశామండి. మీవల్ల కాదంటే తీసుకెళ్ళిపోతాను."

అప్పాజీ గారు ఆవిడకే వంత పాడారు. సారిక మూల నిలబడి ఏడుస్తోంది. నాకు ఒళ్ళు మండింది.

"ఆ అమ్మాయినేం అనకండి. రూలు నాది, తప్పయితే నాది. ఆదివారం దాకా ఆగండి. అప్పటికీ కుదరకపోతే నేనే కడతాను. కట్టేసి ఇంటికి పోతాను."

ఉద్యోగం గురించి నాకు బెంగ లేదు. పని తెలిసిన నర్సుకి గోదావరి జిల్లాల్లో ఎక్కడైనా చోటుంది. ఆ పెద్దాయన చేతులకి మళ్ళీ పేలికలు చూడాల్సి వస్తుందేమోనన్నదే నా భయం.

మర్నాడు ఆయన లేచే వేళకి మంచం పక్కనే ఉన్నాను. అడ్డుపడలేదు. చెయ్యి పట్టుకుని, "పదండి" అన్నాను. సారికనీ రమ్మన్నాను. "ఆపడం అందరికీ వచ్చు, వెంట నడవడం నేర్చుకో" అని చెప్పాను.

గేటు దాటి గట్టెక్కారు. కాలువలో చుక్క నీరు లేదు. ఏటా వేసవిలో మరమ్మతులకి ఆపేస్తారు కదా. ఆయన కిటికీ అవతల పగలూ రాత్రీ వినబడే నీటి చప్పుడు ఆగిపోయిందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

"నీళ్ళెవరాపారు?" అని గద్దించారు.

"మరమ్మతులండి. జూన్‌లో వదులుతారండి."

"మరి నాకు చెప్పరేంటి?"

నిజమే, ఎవరూ చెప్పలేదు. కాలువ చప్పుడు ఆగిపోతే లస్కరు పరిగెత్తక ఏంచేస్తాడు?

ఆ రోజు నుంచి కొత్త పద్ధతి పెట్టాను. ఆయనకి మెలకువ రాగానే డ్యూటీ నర్సు మంచం దగ్గర నిలబడి చెప్పాలి: "లస్కరు గారూ, కాలవకి మరమ్మతులండి. షట్టర్లు దించే ఉన్నాయండి." స్టాఫ్ నవ్వారు. నవ్వినవాళ్ళకే మొదటి వంతు వేశాను. ఆయన "ఊఁ" అని కాఫీ అడిగేవారు. తర్వాత సారికతో గట్టు దాకా నింపాదిగా నడిచొచ్చేవారు.

ఆదివారం పొద్దున్నే సత్యశ్రీ దిగింది.

"ఇవాళ రిపోర్టు మీరివ్వండి" అన్నాను.

ఏం చెప్పాలో నేర్పి ఆయన మంచం దగ్గరికి పంపాను. ఆవిడ అలాగే చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "నువ్వు ఏ లాకుల దగ్గర పనమ్మా?" అనడిగారు.

"మీ దగ్గరేనండి" అంది.

జరిగి, మంచం మీద పక్కన చోటిచ్చారు. మధ్యాహ్నం దాకా ఆవిడ అక్కణ్ణించి కదల్లేదు. వెళ్ళేటప్పుడు పేలికలు అడగలేదు. వాటినీ వంటగదికే పంపాను.

జూన్‌లో నీళ్ళు వదిలిన రోజు రిపోర్టు నేనే ఇచ్చాను. సారికా నేనూ ఆయన్ని గట్టుకి తీసుకెళ్ళాం. ఎండుటాకుల్ని ముందుకు తోసుకుంటూ నీళ్ళొస్తున్నాయి. చాలాసేపు చూసి, నా వైపు తిరిగారు.

"బాగా అలిసిపోయావమ్మా. నేనొచ్చాను కదా, ఇక నువ్వెళ్ళి పడుకో."

ఇన్నేళ్ళ సర్వీసులో నాతో ఆ మాట అన్నవాళ్ళు లేరు. సారిక చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చేశాను. పైవాళ్ళు చెప్పాక తప్పుతుందా? వార్డు సారికకి అప్పగించి, ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.