తగ్గని మందు

పత్తిచేలో కొట్టిన పురుగుమందు మట్టిలో ఎన్నాళ్లకు నశిస్తుందో కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టడం కల్యాణి పరిశోధన. ఈపాటికి మందు ఆనవాలు కూడా ఉండకూడదని లెక్క చెబుతోంది. దంతాలపల్లి దగ్గరి తండా చేను నుంచి ఎన్నిసార్లు మట్టి తెచ్చి చూసినా మాత్రం, మందు కొట్టిన రోజు ఎంతుందో ఇప్పటికీ అంతే ఉంటోంది. లెక్కలో ఎండ మార్చి చూసింది, వాన మార్చి చూసింది, సమీకరణాలన్నీ తిరగరాసింది. తల బద్దలవుతోంది తప్ప లెక్క కుదరలేదు.

విసుగెత్తి, ఎప్పటిలాగే వస్తున్నానని ఫోన్ చేసి, చేనుకు వెళ్లింది. "ఈ మట్టికేం రోగం కాకా?" అని రైతు టీక్యా మీద అరిచింది.

టీక్యా నొచ్చుకున్నాడు. "మట్టికేం రోగం బిడ్డా? మందు దొరక్కపోతే నీ పరీక్ష ఖరాబైతదని, నువ్వొచ్చే ముందల ప్రతిసారి ఆడ జర కొట్టి పెడ్తున్న గద! ఇయ్యాల ఎక్కువనే కొట్టిన, తవ్వుకో."