మిగిలిన అయిదు రంగులు

మూడోసారి నోటి ఆవిరి ఊది, పాత పేపరు ముక్కతో అద్దాన్ని గుండ్రంగా తుడిచాడు. అరచేతికన్నా కాస్త పెద్ద అద్దం. చెక్క చట్రం, వెనక అట్ట. అట్ట రెండు చివర్లా ఊడిపోయి, కదిపితే టకటకమంటుంది. ఫిజిక్స్ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళ అటెండరు ఉద్యోగంలో అతనికి దక్కిన పేరు కూడా దాన్నుంచి వచ్చిందే. పిల్లలే కాదు, హాజరు పుస్తకం చూసే గుమాస్తా కూడా అతన్ని "అద్దం" అనే పిలుస్తాడు.

కిటికీలోంచి కెమిస్ట్రీ ల్యాబ్ కనిపిస్తుంది. కనిపించకపోతే అతని బీపీ కొంచెం తగ్గేదని డాక్టరు అనలేదు గానీ భార్య అంది. అక్కడి అటెండర్ని అందరూ సీసాల అన్న అంటారు. ఆయన చేతుల కుర్చీలో కూర్చుని సీసాల మెడలకి రబ్బరు బ్యాండ్లు తగిలిస్తున్నాడు. ముంజేతికి కూడా ఎప్పుడూ గాజుల్లా నాలుగు బ్యాండ్లుంటాయి. అద్దానికి అది వట్టి షోకు అనిపిస్తుంది. చేతుల కుర్చీ అయితే మరీను, తనకిచ్చింది స్టూలు. పొగ పోవడానికి ఆయనకి గోడలో ఫ్యాను కూడా పెట్టారు. ఫిజిక్స్‌లో పొగ వచ్చే ప్రయోగాలేమైనా ఉన్నాయేమోనని అద్దం ఒకసారి పాఠం చెప్పే మేడమ్‌ని వినయంగా అడిగి చూశాడు. లేవట. పైగా పిల్లలు ఎప్పుడూ ఆయన చుట్టే మూగుతారు. కొత్త సీసా వస్తే చాలు, ఆయన ఎత్తి పట్టుకుని "ఇదేం రంగు చెప్పండ్రా" అంటాడు, వాళ్ళు పోటీపడి అరుస్తారు.

"నీ కడుపుమంట మీద స్నానానికి నీళ్ళు కాచుకోవచ్చు, గీజరు దండగ" అంటుంది భార్య.

ఈరోజు సీసాల అన్న రిటైరవుతున్నాడు. మధ్యాహ్నం టీ, బిస్కట్లు, గోడగడియారం. బంగారు రంగు అంచున్న గడియారమని అద్దం పొద్దున్నే ఆఫీసుకెళ్ళి చూసొచ్చాడు. ఇంకో ఆరేళ్ళకి తన వంతు వచ్చేసరికి ప్లాస్టిక్‌వే మిగులుతాయని అతనికి గట్టి నమ్మకం.

అయితే కుర్చీ, ఫ్యాను, గడియారం చిల్లర కుళ్ళు. అసలుది వేరే ఉంది.

ఏడాదికోసారి వెలుతురు పాఠం వస్తుంది. ఈ ఏటిది కూడా ఇవాళే. ల్యాబ్ కిటికీలన్నీ మూసి, ఒక కిటికీకి మాత్రం సన్నటి చీలిక కోసిన అట్ట బిగిస్తారు. అద్దం బయట పెరట్లో ఎండలో నిలబడి, సూర్యుణ్ణి అద్దంలో పట్టి ఆ చీలికలోకి పంపాలి. సూర్యుడు కదులుతాడు కాబట్టి వెంట్రుకవాసి చొప్పున తనూ తిప్పుతూ ఉండాలి. లోపల మేడమ్ ఆ వెలుతురుకి మూడు పలకల గాజుముక్క అడ్డం పెడుతుంది. ఎదుటి గోడమీద ఏడు రంగులు పడతాయి. పిల్లలు ఒక్కసారిగా "ఆఁ" అంటారు. ఆ "ఆఁ" అతనికి పెరట్లోకి వినిపిస్తుంది. వినిపించడమే. ఇరవై రెండేళ్ళుగా రంగులు తయారుచేసి లోపలికి పంపుతున్న మనిషి వాటిని ఒక్కసారీ చూడలేదు. ఓ ఏడాది అద్దాన్ని ఇటుకకి ఆనించి, భవనం చుట్టూ పరుగెత్తి తలుపు దాకా వెళ్ళాడు. అప్పటికే వెలుతురు చీలిక దాటిపోయింది. లోపలినుంచి తిట్లు మొదలయ్యాయి. మిగతా రోజుల్లో గాజుముక్క మేడమ్ బీరువాలో, తాళం మేడమ్ సంచిలో.

లోపల తలుపు దగ్గర నల్లతెర పట్టుకునే డ్యూటీ సీసాల అన్నది. ఏటా పాఠం అయ్యాక అద్దం అడుగుతాడు, ఎలా వచ్చాయని. ఆయన ఏటా ఒకే జవాబు చెబుతాడు. పసుపు భలే ఉంది తమ్ముడూ, ఆ చివర నీలం. అంతే.

"మిగిలిన అయిదూ దాచుకుంటున్నాడు" అని అద్దం ఇంట్లో తేల్చేశాడు. రంగులు కూడా దాచుకుంటారా అని భార్య అడిగితే, దాచుకునే బుద్ధుంటే ఏదైనా దాచుకుంటారన్నాడు.

ఒక్కసారి డ్యూటీ మార్చుకుందామంటే సరిపోయేది. కానీ ఆ అద్దం పట్టడం తనకి తప్ప ఇంకొకరికి చేతకాదని ఇరవై రెండేళ్ళుగా అందరికీ చెప్పింది అతనే. ఇప్పుడు ఏ మొహంతో అడుగుతాడు? వచ్చే ఏడాది నుంచి ఆ అవసరం కూడా లేదు. ప్రొజెక్టరు పెట్టె వచ్చేసింది, రంగులు తెరమీద బొమ్మలో చూపిస్తారట. చూస్తే ఇవాళ చూడాలి. లేకపోతే లేదు.

పావుతక్కువ పదకొండుకి కెమిస్ట్రీ ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, మెడ పట్టేసింది. పైకి చూడలేకపోతున్నాను. ఇవాళ అద్దం నువ్వు పడతావా?"

"ఏ పక్క పట్టేసింది?"

"కుడి."

"పొద్దున్న ఆఫీసులో కుడిపక్కకి తిరిగే కదా నా గడియారం చూశావు." సీసాల అన్న లేచి చెయ్యి చాపాడు. "ఇలా తే."

చీకటి గదిలో తెర పట్టుకుని నిలబడ్డాడు అద్దం. తెల్లటి గీత ఒకటి చీలికలోంచి వచ్చింది. మేడమ్ చెబుతోంది. తెలుపంటే విడిగా ఒక రంగు కాదట, అన్ని రంగులూ కలిసి వస్తున్నంతసేపూ మన కంటికి తెలుపట. గాజులోకి వెళ్ళగానే ఒక్కోటి ఒక్కోలా వంగి విడిపోతాయట. ఎరుపు తక్కువ వంగుతుంది, ఊదా అన్నిటికన్నా ఎక్కువ. ఉమ్మడి కుటుంబం సంగతే ఇది అనుకున్నాడు అద్దం. ఇంట్లో ఉన్నంతసేపూ అందరూ ఒకటే, వాటాల మాట రాగానే ఎవరి వంపు వాళ్ళది. ఎక్కువ వంగి దూరంగా పోయే ఊదా, వేరుకాపురం పెట్టిన చిన్నకొడుకు.

అప్పుడు గోడమీద పడ్డాయి.

పిల్లలు "ఆఁ" అన్నారు. అతని నోట్లోంచి కూడా వచ్చింది, కాస్త ఆలస్యంగా. ఎరుపు. నారింజ. పసుపు సన్నగా ఉంది, చెప్పుకునేంత ఏం లేదు. ఆకుపచ్చ మాత్రం మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తర్వాత నీలాలు రెండు, చివర ఊదా. లెక్కపెట్టాడు. ఏడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఏడే. లోపల మంట రాజుకుంది. ఇంత ఎరుపునీ ఇంత ఆకుపచ్చనీ ఇన్నేళ్ళూ మింగేశాడా? పైగా బయట కొత్తగా పట్టిన చెయ్యి కనీసం వణకను కూడా వణకలేదు. పాఠం అయ్యేదాకా రంగులు గోడకి మేకు కొట్టినట్టున్నాయి. అది ఇంకో మంట.

పెరట్లోకి విసురుగా వెళ్ళాడు. "ఏడున్నాయి అన్నా. నువ్వెప్పుడూ రెండే చెప్పావు."

సీసాల అన్న ఎండకి కళ్ళు చికిలించాడు.

"నాకు రెండే ఉండేవి తమ్ముడూ. ఎరుపూ ఆకుపచ్చా నా కంటికి ఒకటే, మట్టిరంగు. పుట్టినప్పటినుంచీ అంతే."

"మరి సీసాలు?"

"ఎర్రదానికి ఒక బ్యాండు, ఆకుపచ్చదానికి రెండు. కొత్తది వస్తే పిల్లల్ని అడిగేవాణ్ణి. నేనేదో పరీక్ష పెడుతున్నాననుకునేవాళ్ళు. ఆఫీసులో తెలిస్తే సీసాల దగ్గర ఉండనిస్తారా?"

మరి ఏటా అంత ఆత్రంగా వచ్చి తెర ఎందుకు పట్టుకునేవాడివని అడిగాడు అద్దం.

"ఏ ఏడైనా మూడోది కనిపిస్తుందేమోనని." అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు సీసాల అన్న. "ఇంతకీ ఆకుపచ్చ ఎలా ఉంది?"

అద్దం ఆయన ముంజేతి బ్యాండ్ల వంక చూశాడు.

"మధ్యలో ఉంది అన్నా. అన్నిటికన్నా వెడల్పు. రెండు బ్యాండ్లది."

"అలాగా" అన్నాడు సీసాల అన్న.

మధ్యాహ్నం టీ ఇచ్చారు. ఇన్నేళ్ళలో ఒక్క సీసా కూడా తారుమారు కాలేదని ప్రిన్సిపాల్ పొగిడాడు. అద్దం బిస్కట్టు వంక చూస్తూ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఇంకా కుళ్ళుకోడానికి ఏమైనా ఉందేమోనని లోపల వెతుక్కున్నాడు. గడియారం ఒక్కటే దొరికింది. ఆ గడియారాన్ని చంకలో పెట్టుకుని సీసాల అన్న గేటు దాటి వెళ్ళిపోయాడు. ముంజేతికి ఒక్క బ్యాండే ఉంది.

అతను ల్యాబ్‌కి తిరిగొచ్చేసరికి తన అద్దం స్టూలు మీద బోర్లా ఉంది. తీసి కదిపి చూశాడు. అట్ట టకటకమనలేదు. ఒక చివర ఒక రబ్బరు బ్యాండు, రెండో చివర రెండు.