ముల్లు దిగాలని మొక్కుకున్న ఇల్లు

నేను ఒక బరువు తూచే మిషన్‌ని. కడుపులో స్ప్రింగు, నెత్తిన అద్దం, దాని కింద ఎర్ర ముల్లు. ఫ్యాక్టరీ వాళ్లు నాకిచ్చిన ఆస్తి ఇంతే. మొదట ఒక వ్యాయామశాలలో ఉండేదాన్ని. అక్కడి మహానుభావులు చెప్పులు విప్పి, వాచీ తీసి, ఊపిరి బిగబట్టి మరీ నా మీదికెక్కేవారు. ఊపిరికి అంత బరువుంటుందని వాళ్లకెవరు చెప్పారో! అది మూతపడ్డాక కాకినాడలో హైమ అనే ఇల్లాలు నన్ను కొనుక్కుంది.

ఆమె కూతురు లాస్యకు కిడ్నీ జబ్బు. ఒంట్లోని మాంసకృత్తులు మూత్రంలో పోతుంటే ఒళ్లంతా నీరు పట్టేది. పొద్దున్నే కనురెప్పలు ఉబ్బి కళ్లు తెరుచుకునేవి కావు. మాత్రలు వేయాలి, వంటలో ఉప్పు మానాలి, రోజూ పరగడుపున బరువు చూడాలి అన్నారు డాక్టరమ్మ. ముల్లు పెరుగుతుంటే నీరు చేరుతున్నట్టే, మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సిందే.

కొన్నాళ్లు ముల్లు బుద్ధిగా దిగింది. తర్వాత ఎక్కడం మొదలుపెట్టింది. పిల్ల ఒళ్లు చేస్తోందని నానమ్మ అనసూయమ్మ మురిసిపోయింది. హైమ మాత్రం నన్ను అటు జరిపి, ఇటు జరిపి చూసి, చివరికి నేలమీద కూలబడి ఏడ్చింది. నా ప్రాణం ఉసూరుమంది. ఏం చేయను, అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

"అత్తయ్యా, కూరలో ఉప్పు వెయ్యట్లేదు కదండీ?"

"రామ రామ! చిటికెడు కూడా ముట్టుకోలేదు. సైంధవ లవణమే వేస్తున్నా."

హైమ దిగ్గున తలెత్తింది. "అదీ ఉప్పే కదండీ!"

"అదేంటే! ఏకాదశినాడు ఉప్పు మానేసి నేను తినేది అదేగా?"

ఏ ఉప్పయినా ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుందని డాక్టరమ్మ ఫోన్లో చెప్పారు. పెద్దావిడ ముఖం వాడిపోయింది. నా చేతులతో నేనే పెట్టానే అని కుమిలిపోయింది. ఆ పూట నుంచి తన కంచంలోనూ ఉప్పు మానేసింది. అన్నంలో నిమ్మకాయ పిండి, జీలకర్ర పొడి చల్లి, "మనిద్దరిదీ చప్పిడి కూడు సంఘమే తల్లీ" అని లాస్యను నవ్విస్తూ తినిపించేది. మాత్రలూ సాయం చేశాయి. ముల్లు మెల్లగా దిగింది, పిల్ల కళ్లు విప్పారాయి. నా ముల్లు దిగాలని దేవుడికి మొక్కుకున్న ఇల్లు నాకిదే మొదలు.

ఈమధ్య ముల్లు మళ్లీ కాస్త పైకెక్కింది. హైమ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అనసూయమ్మ గబగబా వచ్చి మనవరాలి కాలిమీద బొటనవేలితో గట్టిగా నొక్కింది. నీరుంటే గుంట పడుతుందని డాక్టరమ్మ నేర్పారు. వేలు తీసింది. గుంట పడలేదు. ఆ పొద్దున ఇంట్లో చేసిన మూత్ర పరీక్షలోనూ మాంసకృత్తులు పోవట్లేదని తేలింది.

"నీరు కాదే హైమా, కండ! పిల్ల ఎదుగుతోందే!"

అత్తాకోడళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశారు. లాస్య మాత్రం నా మీదే నిలబడి, దిగనంటే దిగనంది. నేనూ దిగమనలేదు.